పెద్దబాపు పోయినంక పంపిన మెయిల్

చచ్చిపోయిన మనిషికి ఉత్తరం రాసి జవాబు కూడా తెప్పించుకున్న మొనగాణ్ణి మీరెక్కడైనా చూశారా? లేదంటే నన్ను చూడండి. ఆ ఘనకార్యంతో మా పెద్దమ్మను పస్తుంచి, ప్రాణహిత ఒడ్డు కాకులన్నిటి ముందూ ఇంటి పరువు తీసినవాణ్ణి నేనే.

మహారాష్ట్రలో ఉన్నా తెలుగు మాట్లాడే మా సిరొంచకు నెట్ సెంటర్ వచ్చిన కొత్త. పెద్దబాపు, అంటే మా బాపు అన్న లక్ష్మీరాజం, బీడీలు చుట్టే తునికాకు వ్యాపారి. బేరాల కోసం ఆయన పేర మెయిల్ తెరిచిపెట్టింది నేను. కంప్యూటర్ తెరిచి మూయడం వచ్చు కనక, మా వాడకట్టులో నేను నడుస్తుంటే మేకలు కూడా దారి ఇచ్చేవి.

ముసురు రోజుల్లో పెద్దబాపు పోయాడు. మూడో రోజు పిట్టకు పెట్టుడు. నది ఒడ్డున విస్తరి వేసి, పోయినాయనకు మిగిలిన కోరికేదో ఊహించి, తీరుస్తామని పైకి మాటివ్వాలి. మాట నచ్చితే కాకి ముడుతుంది. అందరూ తలో మాట ఇచ్చారు. ఒకే ఒక కాకి వచ్చింది. తినలేదు. మా మొహాలు వరసగా చూసుకుంటూ వచ్చి, నా దగ్గర కాసేపు ఎక్కువ ఆగి, ఎగిరిపోయింది.

"ఏదో కోరిక మిగిలింది," అంది పెద్దమ్మ. "అదేందో తెలిసేదాంక నాకు ముద్ద దిగది."

మర్నాడు మధ్యాహ్నం, మబ్బుకు ఊరంతా గుహలా చీకటి పడితే, బేరగాళ్లకు కబురు రాద్దామని నెట్ సెంటర్‌కు వెళ్లాను. ఫోను తీగ నక్కలా ఊళ పెట్టింది. నా మెయిల్ తెరుచుకుంది. పైన మొదటి పేరు పెద్దబాపుది. ఆ పొద్దున్నే పంపాడు.

ఇంగ్లీషులో ఉంది. సారం ఇది: "తెలియని దేశంలో చిక్కుకుపోయాను. సంచీ, కాగితాలు పోయాయి. ముందుకు వెళ్లనివ్వడం లేదు. ఎవరికీ చెప్పకు. తొందరగా జవాబు రాయి."

ఆయన ఖాతా తెరవబోయాను. పాస్‌వర్డ్ తప్పంది. లోపలినుంచి ఎవరో గడియ పెట్టుకున్నట్టుంది.

"భావు, ఎవరీయన?" మరాఠీలో అన్నా అని పిలుస్తూ, నెట్ సెంటర్ నడిపే సుధాకర్ నా భుజం మీదినుంచి తొంగి చూశాడు.

"మా పెద్దబాపు."

"ఊర్లె లేడా?"

"లేడు. పోయి నాలుగు రోజులాయె."

"యాడికి?"

వేలు పైకి చూపించాను. సుధాకర్ వెళ్లి వానలో నిలబడ్డాడు. "జర నువ్వే బంద్ చేసి రా," అన్నాడు అక్కడినుంచే.

కాగితం మీద అచ్చు తీసి ఇంట్లో చదివాను. బాపు తలుపుకు ఆనుకున్నాడు. కర్మకు తప్ప ఇల్లు దాటరాని రోజులు కదా అని ఎవరో అంటే, "మొగుడు పిలిచినంక అడ్డమెవరు," అంటూ పెద్దమ్మ బయల్దేరింది. నెట్ సెంటర్‌లో తెర ముందు కూచుని, ఆయన ఎదుట ఉన్నట్టే కొంగు నెత్తిమీదికి లాక్కుంది.

"ఏం గావాల్నో అడుగు."

అడిగాను. అయిదు నిమిషాల్లో జవాబు: పైసలు పంపాలి.

"వైతరణి దాటిచ్చెటోడు అడుగుతున్నట్టుంది," అన్నాడు బాపు. "మన ప్రాణహిత పడవోడే ఊకె దాటియ్యడాయె. ఇప్పుడే తెస్త."

"ఆగు మరిదీ," అంది పెద్దమ్మ. "ఒక్కటడుగురా. ఆకు కల్లానికి పొయ్యేటప్పుడు గడప కాడ నిలబడి నాతోని ఏమంటుండె?"

ప్రశ్న కొట్టి పంపాను. జవాబొచ్చింది. చదవడానికి నాకు సిగ్గేసింది.

"'ప్రియమైనదానా, నువ్వే నా ప్రాణం' అనేటోణ్ణి అంటుండు, పెద్దమ్మా."

ఆమె కొంగు దించేసింది. "నలబై ఏండ్ల సంసారంల అసొంటి మాట ఒక్కనాడు ఇనలే. 'తలుపేస్కో, ఎవరో ఏందో అడగంది తియ్యకు' అంటుండె. ఈడు దొంగ."

దయ్యం కాదని తేలగానే సుధాకర్ లోపలికొచ్చి సింహమైపోయాడు. ఖాతా తెరిచినప్పుడు, పాస్‌వర్డ్ పోతే అడగమని నేనిచ్చిన ప్రశ్నలకు జవాబులు కొట్టించి, ఖాతా వెనక్కి తెచ్చి, కొత్త పాస్‌వర్డ్ పెట్టించి, ఆ మెయిళ్లు నమ్మొద్దని బేరగాళ్లందరికీ రాయించాడు.

"మరి మా ఇంటి తాళంచెయ్యి దొంగకెట్ల దొరికె?" అడిగింది పెద్దమ్మ.

సుధాకర్ పాత మెయిళ్లు తిరగేసి ఒకదాని దగ్గర ఆగాడు. నా వైపు చూశాడు. అచ్చం ఆ కాకి చూసినట్టే.

నెల కింద, "ఖాతా మూసేస్తాం, వెంటనే పాస్‌వర్డ్ పంపండి," అని పెద్దబాపుకు ఎవరో రాశారు. ఆయన తరఫున జవాబు రాసింది నేను. పాస్‌వర్డ్ ఒక్కటే అయితే మర్యాద కాదని, గుళ్లో అయ్యగారికి అర్చన కోసం చెప్పినట్టు పేరు, గోత్రం, ఇంట్లోవాళ్ల పేర్లు, ఊరు, తాలూకా అన్నీ వరసగా రాసి, చివర నమస్కారం కూడా పెట్టాను.

బాపు చెప్పు కోసం కిందికి చూశాడు.

అయిదో రోజు మళ్లీ విస్తరి. అదే కాకి. ఎవరే మాటిచ్చినా కదల్లేదు, నన్నే చూస్తోంది. పెద్దమ్మ నన్ను ముందుకు తోసింది. నది వైపు తిరిగి, చేతులు జోడించి, ఊరంతా వినేలా చెప్పాను: "పెద్దబాపూ, పాస్‌వర్డ్ ఇంకెవ్వరికీ చెప్ప. యముడే రాసినా, ఎవరో ఏందో అడగంది జవాబియ్య."

కాకి దిగి గారె ముట్టింది. పెద్దమ్మ ఒడ్డునే కూచుని తనకూ విస్తరి అడిగింది.

ఆ మాట ఇవాళ్టికీ తప్పలేదు. పాస్‌వర్డ్ కొట్టేముందు మాత్రం కిటికీ వైపు ఓసారి చూసుకుంటాను. ఏదో ఒక కాకి ఉంటుంది.