ఒక్క మునక

మా దవాఖానా డాక్టరుగారు పోయారు. భోపాలపట్నం సంత నుంచి వచ్చిన బండివాడు ఆ కబురు చెప్పగానే ఇంట్లో అందరం ముందు అమ్మ వైపే చూశాం. చావు కబురు వింటే తలస్నానం చెయ్యాలి కదా. మా భయమంతా ఆ స్నానం గురించే.

నాయనమ్మ పోయిననాడు గోదావరిలో దిగిన అమ్మ, మైల పోలేదంటూ పొద్దుగూకేదాకా ఒడ్డెక్కలేదు. ఆ తర్వాత ఏది ముట్టుకున్నా కడుక్కోవడమే. చేతులు పగిలి నెత్తురొచ్చినా ఆగేది కాదు. చంటిపిల్లైన చెల్లెల్ని ఎత్తుకోవడం కూడా మానేసింది. కొందరు చాదస్తమన్నారు, కొందరు గాలి సోకిందన్నారు. నాన్న విసిగిపోయి పుట్టింటికి పంపేస్తానన్నాడు.

దవాఖానాలో డాక్టరుగారు మాత్రం నాన్నను బయట కూర్చోబెట్టి, ఎందుకట్లా కడుగుతున్నావని అమ్మనే అడిగారు.

"చేతులు మంచిగనే ఉన్నయని తెల్సు సారూ. మనసే ఒప్పుకోదు," అంది అమ్మ.

ఆయన ఎగిరి గంతేసినంత పని చేశారు. "అట్ల తెల్సినామె పిచ్చిదెట్లయితది చెల్లె?"

బస్తర్ సంస్థానంలో ఎడ్లబండి మీద తిరిగి ఇలాంటివాళ్లనే వెతికేవారాయన. దొడ్డి తడిక కట్టానో లేదో అని మాటిమాటికీ లేచి చూసుకునే దోర్ల తెగ రైతు, తన జుట్టు తానే పీక్కునే, హల్బీ మాట్లాడే పిల్ల... ఎవరి బాధ వాళ్ల భాషలో చెప్పించుకునేవారు. ఇవన్నీ అక్కచెల్లెళ్లలాంటి జబ్బులని ఆయన నమ్మకం. అడవిలో ఏం పరిశోధనయ్యా అని తోటి డాక్టర్లు నవ్వితే, "అనుమానానికి అడవేంది, పట్నమేంది?" అనేవారు. ఎంత మాట! మందుందా అని అడిగితే, "ఇంకా తెల్వదు, నేర్చుకుంటున్న" అనేవారు.

ఇప్పపూల కాలంలో వచ్చి, అమ్మను ఒప్పించి, ఆమెతోపాటు మట్టిలో పూలేరారు. తర్వాత ఇద్దరూ ఆ మట్టి చేతులు కడుక్కోకుండానే అరుగు మీద కూర్చున్నారు. పక్కనే నీళ్ల కుండ. అమ్మ చూపంతా ఆ కుండ మీదే.

"అనుమానం వస్తది, ఉంటది, పోతది. జర ఓపిక పట్టు," అన్నారాయన.

అలా ఎన్నిసార్లు కూర్చున్నారో! మరుసటేడు పూలకాలానికి అమ్మ మట్టి చేతులతోనే చెల్లెల్ని ఎత్తుకుంది. ఆ పూట మా ఇంట్లో భోజనానికి కూర్చుని ఆయన అడిగి మరీ మారు వడ్డించుకున్నారు. అలాంటి డాక్టరు మా బస్తర్‌లో తిరిగారని నేను ఎవరి ముందైనా గర్వంగా చెబుతాను.

కబురందిన సాయంత్రం అమ్మ వెనకే గోదావరికి వెళ్లాం. నడుము లోతు దిగి, ముక్కు మూసుకుని, ఒక్క మునక వేసింది. లేచి నీళ్లలో అలాగే నిలబడిపోయింది. మళ్లీ మునుగుతుందేమోనని అందరం ఆమెనే చూశాం.

"ఏందట్ల చూస్తరు? సారు కోసం ఏడుస్తున్న," అంది.

కళ్లు తుడుచుకుని ఒడ్డెక్కింది. చెల్లెలి చెయ్యి పట్టుకుని, కాళ్లకంటిన ఒడ్డు బురదతోనే ఇంటిదారి పట్టింది.