నాలుగు చొక్కాల ప్రయాణికుడు

2013 మే నెల. గల్ఫ్ నుంచి హైదరాబాద్‌కు వచ్చే మధ్యాహ్నపు విమానం. అప్పటికి నేను క్యాబిన్ సూపర్‌వైజర్‌ని. అంటే పైలట్ల గది తలుపు దాటాక ప్రయాణికుల బాధ్యత అంతా నాదే. పుట్టి పెరిగింది మందమర్రిలో, గని కార్మికుల కాలనీలో. నా ఉద్యోగం సంగతి తెలిసినవాళ్లు "పైన ఎవరికైనా గుండె ఆగితే ఏం చేస్తారమ్మా?" అని అడుగుతుంటారు. పైన ఉన్నప్పుడు చేయడానికి చాలా ఉంది. నాకు భయం దిగేటప్పుడే. ఎందుకో చెప్పాలంటే రాజలింగం సంగతి చెప్పాలి.

ఆ విమానాల్లో మా కరీంనగర్ వైపు వాళ్లను గుర్తుపట్టడం సులువు. పెట్టె బరువు పరిమితి దాటితే, మిగిలిన బట్టలు ఒంటిమీద వేసుకుని ఎక్కుతారు. చొక్కా మీద చొక్కా, దానిమీద జర్కిన్. మండుటెండల్లో కూడా అంతే. మేం దాన్ని వింతగా చూడడం ఎప్పుడో మానేశాం.

విమానం కిందికి దిగడం మొదలైంది. బెల్టులు సరిచూసి వచ్చిన ప్రియ, నా కింద పనిచేసే అమ్మాయి, నాతో అంది: "మేడమ్, తొమ్మిదో వరుసలో ఒకాయనకు బాగా చెమటలు. బాగున్నారా అంటే బాగున్నానన్నాడు. అన్ని బట్టలు తొడుక్కుంటే చెమట పట్టదా మరి!"

వెళ్లి చూశాను. నలభై ఏళ్ల మనిషి. ముఖం బూడిద రంగుకు తిరిగింది. చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది.

"ఏమైనా ఇబ్బందిగా ఉందాండీ?"

"ఏం గాలే మేడమ్. గ్యాస్."

పక్కసీటతను కల్పించుకున్నాడు. పేరు యూసుఫ్, ఇద్దరూ ఒకే క్యాంపులో ఉంటారట. "పొద్దున ఎయిర్‌పోర్టుల గూడ గిదే మాట మేడమ్. తిన్నా గ్యాసే, తినకున్నా గ్యాసే ఈనికి."

నేను మాట మార్చాను. "ఏ ఊరు తమ్మీ నీది?"

అతను తలెత్తి చూశాడు. "మెట్‌పల్లి దగ్గర. మీరు మనోళ్లేనా?"

"మందమర్రి. నొప్పి ఎక్కడ, చెప్పు."

"ఎడమ చెయ్యి గుంజుతుందక్కా, పొద్దటిసంది. ఛాతిమీద బండ వెట్టినట్టుంది." గొంతు తగ్గించాడు. "ఎక్కడ రాయకుండ్రి అక్కా. కంపెనోళ్లకు ఎరుకైతే అన్‌ఫిట్ అంటరు. సెలవు మీద వస్తున్న, మళ్ల పోవాలె."

అన్‌ఫిట్ అంటే డాక్టరీ పరీక్షలో తప్పడం. ఆ ఒక్క మాటతో వీసా పోతుంది. మా వైపు గల్ఫ్ ఇళ్లలో పిల్లలకు కూడా ఆ మాట తెలుసు.

"రాసుడు తర్వాత. ముందు బతకాలె," అన్నాను.

ఇలాంటప్పుడు సిబ్బందిలో ముగ్గురం పని పంచుకుంటాం. ఒకరు రోగిని వదలరు. ఒకరు ఆక్సిజన్ సీసా, డీఫిబ్రిలేటర్ తెస్తారు. డీఫిబ్రిలేటర్ అంటే లయ తప్పిన గుండెకు కరెంటు షాకిచ్చే చిన్న పెట్టె. మూడోవారు కెప్టెన్‌కు చెబుతారు. డాక్టరెవరైనా ఉన్నారా అని మైకులో అడిగాం. ఎవరూ లేవలేదు. విమానాశ్రయం టవర్ వాళ్లు మమ్మల్ని అందరికంటే ముందు దింపడానికి ఒప్పుకున్నారు. అంబులెన్స్ సిద్ధంగా ఉంటుందన్నారు. ఆ తర్వాత కెప్టెన్ ఫోన్‌లో నాతో అన్న మాట ఒకటే: "చక్రాలు దిగేసరికి నువ్వు సీట్లో ఉండాలి."

ఇది చాలామందికి తెలియని సంగతి. దిగేటప్పుడు మాకు కేటాయించిన జంప్ సీటులో, అంటే తలుపు దగ్గరి మడత సీటులో, బెల్టు పెట్టుకుని కూర్చోవాలి. నిలబడి ఉండి పడిపోతే, ప్రమాదం జరిగిన క్షణంలో తలుపులు తెరిచేవాళ్లు ఉండరు. స్పృహలో ఉన్న రోగినైతే నేలమీద పడుకోబెట్టం, సీట్లోనే బిగించి కూర్చోబెడతాం.

అతని జర్కిన్ తీయించాం. లోపల చొక్కాలు కాలర్ల దగ్గర వరసగా నాలుగు కనిపించాయి. "తమ్మునికొకటి, బామ్మర్దికొకటి," అని అతను గొణుగుతుంటే యూసుఫ్ అన్నాడు: "ఊరందరికీ ఈడే బీరువా." పైగుండీలు విప్పి, ఆక్సిజన్ మాస్కు పెట్టి, సీసాను అవతలి పక్క ఖాళీ సీటుకు బెల్టుతో కట్టేశాం.

"యూసుఫ్, మాట్లాడుతనే ఉండు. జవాబు రాకపోతే పైన బెల్లు నొక్కు," అని చెప్పి వెళ్లి నా సీట్లో కూర్చున్నాను.

విమానం కడుపులోంచి చక్రాలు కిందికి దిగిన చప్పుడైంది. యూసుఫ్ గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. "మీ బర్రె ఈనిందారా?" ఏదో జవాబొచ్చింది. "దున్ననా, పెయ్యనా?" మళ్లీ ఏదో గొణుగుడు. "పాలెన్ని ఇస్తుందిరా?" ఈసారి జవాబు లేదు. "రాజలింగం! పాలెన్నిరా?"

బెల్లు మోగింది.

కిటికీలో నేల దగ్గరికి వస్తోంది, ఇంకా తాకలేదు. నా చెయ్యి బెల్టు కట్టుమీద ఉంది. గుండె ఆగితే ప్రతి క్షణం విలువైనదని నేనే ఎందరికో నేర్పాను. లేవకూడదనీ నేనే నేర్పాను. చక్రాలు నేలను కొట్టాయి, ఇంజిన్లు గర్జించాయి, ఆ హోరులో బెల్లు ఆగకుండా మోగుతూనే ఉంది. అయినా కట్టు విప్పలేదు. అంత భయం నా జీవితంలో మళ్లీ పడలేదు.

వేగం తగ్గగానే విప్పుకుని లేచాను. లేచి చూస్తే దారి లేదు! విమానం నేల తాకగానే లేచి నిలబడి సామాన్లు దింపుకోవడం మావాళ్ల అలవాటు. దారి నిండా మనుషులు, సంచులు. హిందీలో, ఇంగ్లిషులో చెప్పాల్సిన మైకు అందుకుని అరిచాను:

"కూసోండ్రి! ఎక్కడోళ్లక్కడ కూసోండ్రి! మనోని పానం పోతుంది, తొవ్వ ఇడువుండ్రి!"

సంచులు ఒళ్లో పెట్టుకుని ఎక్కడివాళ్లక్కడ కూలబడ్డారు. అతన్ని దారిలోకి లాగి పడుకోబెట్టాం. ఊపిరి లేదు. నేను ఛాతీ నొక్కడం మొదలుపెట్టాను, ప్రియ కత్తెర తీసుకుంది. షాకిచ్చే ప్యాడ్లు ఒట్టి చర్మానికే అంటుకోవాలి. ఒకటి, రెండు, మూడు చొక్కాలు కోసింది. నాలుగోదానికి దుకాణం చీటీ ఇంకా వేలాడుతోంది, దాన్నీ కోసేసింది. ఆక్సిజన్ సీసాను దూరం జరిపించాను, షాకు దగ్గర అది ఉండకూడదు. ప్యాడ్లు అంటించాం. "ఎవరూ ముట్టకండి!" అని మీట నొక్కాను. ఒళ్లు ఎగిరిపడింది. మళ్లీ ఛాతీ నొక్కుతూ ఉన్నాను. తలుపు తెరుచుకుని డాక్టర్లు లోపలికి వచ్చేసరికి అతను మూలిగాడు.

స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే కళ్లు తెరిచి నన్ను వెతుక్కున్నాడు. "అక్కా, రాసిన్రా?"

"రాస్త తమ్మీ. రాయక తప్పదు."

కళ్లు మూసుకున్నాడు.

యూసుఫ్ కోసిన చొక్కాలన్నీ ఏరి సంచిలో పెట్టుకున్నాడు. అతనికి నా ఫోన్ నంబరిచ్చాను. మేం దింపిన రోగులు తర్వాత ఏమయ్యారో మాకు దాదాపు ఎప్పుడూ తెలియదు. ఈ ఒక్కడి సంగతైనా తెలుసుకోవాలనిపించింది.

ఆ తర్వాత కొత్త పిల్లలకు శిక్షణ ఇచ్చినప్పుడల్లా ఒకటి చెప్పేదాన్ని. బాగున్నారా అని అడగొద్దు. తిరిగి పనిలోకి పోవాల్సినవాడు బాగున్నాననే అంటాడు. నొప్పి ఎక్కడ అని అడగండి. చెమట పట్టిన మనిషి ఒంటిమీద ఎన్ని బట్టలున్నా, అది ఉక్కవల్లే అనుకోకండి. చెయ్యి పట్టుకుని చూడండి.

ఆగస్టులో రాజలింగం ఫోన్ చేశాడు. గుండెలో స్టెంటు వేశారట. కంపెనీ అన్‌ఫిట్ అన్నదట. మెట్‌పల్లిలో పసుపు తూకం వేసే కాంటా దగ్గర పని దొరికిందట.

"మంచిగున్న అక్కా," అన్నాడు.

"అది అడుగలే. నొప్పి ఎక్కడ?"

"మెట్లెక్కితే ఛాతిల జర పట్టినట్టయితది."

"మీ ఇంటామెకు ఫోనియ్యి."

"వద్దక్కా, పరేషాన్ అయితది."

"ఇయ్యి తమ్మీ."

ఇచ్చాడు.