భూతద్దం వదిన తెల్ల టోపీ

మొన్న శుక్రవారం నుంచి నా కాళ్లు నేల మీద ఆనడం లేదు. ఇదంతా మా వదిన చలవే. కళ్లద్దాల ఫ్యాక్టరీలో అందరూ ఆమెను భూతద్దం అంటారు. లెన్సును దీపం ముందు పెట్టి రెండు వేళ్లతో అలా తిప్పిందంటే చాలు, మిషను వదిలేసిన వెంట్రుకంత గీత కూడా ఆమె కంటికి చిక్కుతుంది. ఇంట్లోనూ అంతే. నేను కడిగిన గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లిందంటే నా గుండెల్లో రాయి పడుతుంది.

వదినకు నలభై ఆరేళ్లు. ఇదే మొదటి ఉద్యోగం. అక్కడే ప్యాకింగ్‌లో పనిచేస్తున్న ఆడపడుచుని, నేనే ఆమెను లాక్కెళ్లి చేర్పించాను. మా అన్నయ్య "వారం ఉంటే గొప్పే" అని ఎగతాళి చేశాడు. మొదటి రోజు మెడలో వేసిన గుర్తింపు కార్డు పడుకునేదాకా తీయలేదు మహాతల్లి. "ఇన్నేళ్లూ ఫలానా ఆయన భార్యని, ఫలానా వాళ్ల అమ్మని. ఇప్పుడు లెన్సులు చూసే ఆవిణ్ణి," అంది. ఆ ముక్క అన్నప్పుడు ఆమె మొహం చూడాలి!

మా దగ్గర ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లకి పసుపు టోపీ, పర్మనెంట్ అయినవాళ్లకి తెల్ల టోపీ. పసుపు టోపీవాళ్లని పెద్దగా కారణం చెప్పకుండానే పంపేయొచ్చు. తెల్ల టోపీవాళ్లని పంపాలంటే తప్పేమిటో రాసివ్వాలి, విచారణ జరపాలి, వాళ్ల మాట కూడా వినాలి. నా నెత్తి మీదా పసుపుదే. అలవాటైపోయి దాని సంగతే మర్చిపోయాను.

వదిన చేరిన ఏడో నెలలో ఓ తమాషా జరిగింది. మా సరుకు కొనేవాళ్లు తనిఖీకి వచ్చారు. కొత్తవాళ్లకి పని నేర్పేది పర్మనెంట్ ఉద్యోగే అయి ఉండాలని వాళ్ల పట్టుదల. వదినంత బాగా నేర్పేవాళ్లు లేరు, ఆమె నెత్తి మీదేమో పసుపు టోపీ. మేనేజర్ గబగబా ఎవరి తల మీదిదో తెల్ల టోపీ పీకి తెచ్చి వదినకు తొడిగాడు. వచ్చినవాళ్లు ఆమె పని నేర్పడం చూసి, మేనేజర్ సంతకం చేసిచ్చిన షీటు చూసి, మెచ్చుకుని వెళ్లారు. వాళ్ల కారు గేటు దాటగానే టోపీ వెనక్కి తీసుకున్నాడు. నేనైతే కడుపుబ్బ నవ్వాను. వదిన నవ్వలేదు.

ఎనిమిదో నెలలో, మొన్న సోమవారం, ఆమె మూడు ట్రేల లెన్సులు వెనక్కి కొట్టింది. అన్నిటి మీదా సన్నటి గీతలు. ఆ సరుకు సాయంత్రానికి లారీ ఎక్కాలి. మేనేజర్ ఒంటికాలి మీద లేచాడు.

"ఇంత చూస్తే ఎలాగమ్మా? ఎవరికి కనిపిస్తాయవి?"

"నాకు కనిపించాయి కదా సార్. పెట్టుకునేవాళ్లకి తలనొప్పి వస్తుంది."

ట్రేలు బాగున్నాయని సంతకం పెట్టనంటే పెట్టనంది వదిన. లారీ ఖాళీగా వెళ్లింది. మర్నాడు ఆమె చేతిలో ఓ కాగితం పెట్టారు. ప్రొబేషన్‌లో పని తృప్తిగా లేదట, శనివారమే ఆఖరట.

"ఆ ట్రేలు పాస్ చేసేస్తానని కాళ్లావేళ్లా పడు వదినా," అన్నాను. సిగ్గులేకుండా అన్నాను, దాచడమెందుకు? ఆమె నేరుగా లోపలికి వెళ్లింది. బీరువాలో బట్టల కింద నుంచి, చేరినప్పుడిచ్చిన నియామక పత్రం తీసింది. దీపం కింద పెట్టి అక్షరం అక్షరం చూసింది. నాలుగో పేజీలో ఆగి నన్ను చదవమంది.

ప్రొబేషన్ ఆరు నెలలు. పొడిగించాలంటే ఆ ఆరు నెలలూ పూర్తయ్యేలోపే ఉద్యోగికి రాతపూర్వకంగా తెలియజేయాలి. తెలియజేయకపోతే పర్మనెంట్ అయినట్టే.

"నీకేమైనా రాసిచ్చారా?" అన్నాను.

"చిత్తు కాగితం కూడా ఇవ్వలేదు. నేను రెండు నెలలుగా పర్మనెంటే. టోపీ మార్చలేదు, అంతే."

ఫ్యాక్టరీ యజమాని మేడమ్ శుక్రవారాల్లోనే వస్తుంది. మేడమ్ గదిలోకి వదిన వెళ్లింది, వెనకాలే నేనూ దూరాను. నన్నెవరూ పిలవలేదు, అది వేరే సంగతి! వదిన ట్రేల సంగతి చెప్పి నాలుగో పేజీ చూపించింది. మేనేజర్ తాపీగా ఫైలు తెరిచాడు.

"పొడిగిస్తున్నామని అప్పుడే లెటరిచ్చాను మేడమ్. ఇదిగో ఆఫీసు కాపీ."

తారీఖు చూద్దును కదా, సరిగ్గా ఆరు నెలలకి రెండు రోజుల ముందుది!

"పచ్చి అబద్ధం!" అని అరిచాను.

"నువ్వుండు," అంది వదిన. కాపీని అటూ ఇటూ తిప్పింది. "నేను తీసుకున్నట్టు సంతకం లేదే సార్?"

"పెట్టించుకోవడం మర్చిపోయాం. నువ్వు నీ కాపీ ఎక్కడో పారేసుకుని ఉంటావు."

మేడమ్ ఇద్దరి వంకా చూస్తోంది. ఆమె ఎటు మొగ్గుతుందో తెలియడం లేదు.

"మేడమ్," అంది వదిన, "తనిఖీ రోజు నేను కొత్తావిడకి పని నేర్పిన షీటు ఒకసారి తెప్పించండి."

షీటు వచ్చింది. తారీఖు ఏడో నెలది. నేర్పినవారి హోదా అన్నచోట 'పర్మనెంట్ ఉద్యోగి' అని ఉంది. రాత మేనేజర్‌ది, కింద సంతకమూ ఆయనదే. అబ్బ, ఆ క్షణం నాకు ఎగిరి గంతేయాలనిపించింది!

"ఆరో నెలలో ప్రొబేషన్ పొడిగిస్తే ఏడో నెలలో పర్మనెంట్ ఎలా అయ్యాను సార్? రెండిట్లో ఒకటి అబద్ధం," అంది వదిన. "కొనేవాళ్లకి చూపించింది ఈ షీటే. ఇది అబద్ధమని మేడమ్ గారు వాళ్లకి చెబుతారా?"

మేనేజర్ వదిన చేతిలోని కాపీ లాక్కుని ఫైల్లో పెట్టబోయాడు. మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

"ఆ కాపీ ఇలా ఇచ్చి, వెళ్లి తెల్ల టోపీ తీసుకురండి," అంది ఆయనతో. "ఆ మూడు ట్రేలూ నా బల్ల మీదికి పంపండి."

మెట్లు దిగుతూ వదినను గట్టిగా వాటేసుకున్నాను. ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ప్యాకింగ్ హాల్లోకి పరిగెత్తి "మా వదిన గెలిచిందహో!" అని కేకేశాను. అందరూ బల్లలు చరిచారు. వదిన టోపీ సరిచేసుకుంటూ నా నెత్తి వంక చూసింది.

"నువ్వు చేరి ఎన్నాళ్లయింది?"

"మూడేళ్లు."

"నీ కాగితంలో ఏముంది?"

ఇంటికెళ్లి వంటింటి అరలో డబ్బాలన్నీ దించాను. అడుగున పరిచి ఉంది నా నియామక పత్రం. నూనె మరకల కింద అదే నాలుగో పేజీ, అవే మూడు వాక్యాలు. మూడేళ్లుగా వాటి మీద డబ్బాలు పెడుతున్నాను! వదిన కాగితాన్ని దులిపి కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది.

"పొడిగిస్తున్నామని నీకేమైనా రాసిచ్చారా?" అంది.

"చిత్తు కాగితం కూడా ఇవ్వలేదు వదినా."

ఇవాళ ఆదివారం. నాలుగో పేజీ నాకు కంఠతా వచ్చేసింది. రేపు సోమవారం, మేడమ్ రాదు, మేనేజర్ ఒక్కడే ఉంటాడు. వదినను గది బయటే నిలబడమన్నాను.