చెయ్యెత్తిన ఆడమనిషి

ఆ బొమ్మను నేను మొదట పేపర్లో చూశాను. అమెరికావాళ్లు గ్రహాలన్నీ దాటి వెళ్లే ఒక ఓడను పైకి వదిలారనీ, ఏనాటికైనా, ఎక్కడైనా, బుద్ధి ఉన్న జీవులెవరైనా దాన్ని పట్టుకుంటే మనమెవరమో తెలియాలని ఒక రేకు మీద బొమ్మ చెక్కి అతికించారనీ రాశారు. ఒక మగమనిషి, ఒక ఆడమనిషి, పక్కపక్కన నిలబడి ఉన్నారు. కింద సూర్యుడు, గ్రహాలు. ఇంకో పక్క మన ఇల్లు ఎక్కడో చెప్పే గీతలు. ఇద్దరి ఒంటి మీదా నూలుపోగు లేదు. పేపరువాళ్లు సిగ్గుపడ్డారో ఏమో, బొమ్మను మసకమసకగా అచ్చేశారు. నేను ఆ ముక్క కత్తిరించి ఫిజిక్స్ పుస్తకంలో పెట్టుకున్నాను.

అప్పుడు నాకు ఇరవయ్యారేళ్లు. పెళ్లయి రెండేళ్లు తిరక్కుండానే ఆయన కామెర్లతో పోయారు. నాన్న అంతకు ముందే పోయాడు. మాదన్నపేటలో అమ్మా నేనూ, ఇద్దరు విధవలం, రెండు గదుల్లో ఉండేవాళ్లం. పాతబస్తీలోనే ఒక ఆడపిల్లల బడిలో నేను సైన్స్ చెప్పేదాన్ని. పొద్దున నేను ఎదురొస్తే గడపలోనే ఆగిపోయి, నేను మలుపు తిరిగాక గానీ బయల్దేరని పెద్దమనుషులు మా గల్లీలో ముగ్గురుండేవారు. వాళ్ల కోసం నేను కావాలనే మెల్లగా నడిచేదాన్ని. ఆఫీసుకు ఆలస్యమైతే అయ్యింది, నాకేం.

సాయంత్రం ఇంటికొచ్చాక మేడ మీద చాప వేసుకుని పడుకోవడం నాకు అలవాటు. కింద కూరగాయల మార్కెట్టు సందడి సద్దుమణిగేది. పొయ్యిల పొగ మెల్లగా పైకొచ్చి, ఆ పొగలోంచే మొదటి చుక్క కనపడేది. ఆ ఓడ ఇప్పుడెక్కడుందో అనుకునేదాన్ని. చప్పుడు లేదు, తొందర లేదు, పోతూ ఉంటుంది. ఎవరో దాన్ని ఆపుతారు. వాళ్లకు కళ్లున్నాయో, వేళ్లతో తడిమి చూస్తారో. ఎలా చూసినా, ఈ ఆడమనిషి నుదుట ఏముంది, మెడలో ఏముంది అని మాత్రం వెతకరు. ఆ తలపు నాకెంత హాయిగా ఉండేదో చెప్పలేను. నన్ను చూసి, నా మొగుడు ఉన్నాడో పోయాడో పోల్చుకోలేని చూపు ఒకటి ఈ సృష్టిలో ఎక్కడో ఉండొచ్చు. శాస్త్రవేత్తలు పెద్దపెద్ద యాంటెనాలు ఆకాశం వైపు తిప్పి చెవులు రిక్కించి వింటున్నది కూడా దాని కోసమేనని నాకు నేనే చెప్పుకునేదాన్ని. కాదని తెలుసు. అయినా చెప్పుకునేదాన్ని.

ఆ ఏడు బడిలో సైన్స్ ఎగ్జిబిషన్ పెట్టారు. ప్రతిసారీ ఆ రోజున దీపం వెలిగించడానికి ఎవరో పెద్దవాళ్లు వచ్చేవారు, నన్నేమో వెనక గదిలో సామాను చూసుకోమనేవారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈసారి మాత్రం హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికెళ్లి, వేరే లోకాల్లో ఎవరైనా ఉన్నారా అని వెతుకుతున్న సంగతి మీద చార్టు వేస్తాననీ, దాని పక్కన నేనే నిలబడి వచ్చినవాళ్లకు చెప్తాననీ అన్నాను. ఆమె చాలాసేపు కాగితాలు సర్దింది. చివరికి సరేనంది, బొమ్మలకు బట్టలు వెయ్యమంది. బట్టలకు అక్కడికక్కడే ఒప్పుకున్నాను. ఆ ఒక్క పూట మంది ముందు నిలబడటం నాకు అంత కావాలనిపించింది.

చార్టు ఇంట్లోనే వేశాను. ఆయనకు చొక్కా, ధోవతి వేశాను. ఆమెకు చీర కట్టి, బొట్టు పెట్టాను. అసలు బొమ్మలో చెయ్యెత్తి పలకరించేది మగమనిషి. ఆమె చేతులు రెండూ వేలాడేసుకుని ఊరికే నిలబడింది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఏం, ఆమెకు పలకరించడం రాదా? అందుకని నేను ఆయన చెయ్యి దించేసి ఆమె చెయ్యి ఎత్తించాను. ఎత్తిన చెయ్యి ఎలా ఉంటుందో తెలియక, అద్దం ముందు కూర్చుని నా ఎడమచెయ్యి ఎత్తి, అద్దంలో చూస్తూ గీశాను. వేళ్లు బాగా కుదిరాయని మురిసిపోయాను కూడా.

ఎగ్జిబిషన్‌కు ముందురోజు చార్టును క్లాసులో గోడకు తగిలించాను. పిల్లలందరూ మూగారు. ఆ లోకంవాళ్లు ఉర్దూలో మాట్లాడితే ఎట్లా అని ఒకతె అడిగింది. భాష ఏదైనా లెక్కలు ఒక్కటే, హైడ్రోజన్ అక్కడా ఇక్కడా ఒక్కటే, అందుకే వాటితో మొదలుపెట్టారని చెప్పాను. నేను మంచి ఊపు మీదున్నాను. అప్పుడు ఎనిమిదో క్లాసు పిల్ల ఒకతె చార్టుకు దగ్గరగా వెళ్లింది. వాళ్లమ్మకు లాడ్ బజార్‌లో చిన్న గాజుల దుకాణం ఉంది.

"టీచర్, ఈమె మొగడు పక్కకే ఉన్నడు గద. మరి చేతులెందుకు బోడిగ ఉన్నయ్?"

క్లాసంతా చార్టు వైపు చూసింది, తరవాత నా వైపు చూసింది. నా చేతులు వాటంతటవే కొంగులోకి పోయాయి. ఆ పిల్ల చెంప ఛెళ్లుమనిపించాలనిపించింది. వెంటనే నా మీద నాకే కోపం వచ్చింది. అది అడిగినదాంట్లో తప్పేముంది? ముప్పై జతల కళ్లు ఒకేసారి కనిపెట్టాయి, నేను గీసింది ఎవరినో. పక్కన నిలబెట్టింది ఎవరినో నాకు మాత్రమే తెలుసు. చొక్కా కాలరు కూడా మా ఆయనదే. పెన్సిల్ ఆ పిల్ల చేతికిచ్చి, నువ్వే గియ్యి అన్నాను.

అది గుండ్రంగా నాలుగు సున్నాలు గీసి, బాగాలేదని చెరిపేసింది. అన్నం బెల్లు కొట్టగానే ఎటో పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి దాని చేతిలో కాగితం చుట్టిన డజను ఆకుపచ్చ మట్టిగాజులున్నాయి.

"చెయ్యి లేకుంటె అవి గుండ్రంగనే కనవడ్తయ్ టీచర్. చేతికుంటె కోలగ కనవడ్తయ్. ఒక్కపారి ఏస్కోండ్రి, చూసి గీస్త. మీది రెండు నాలుగు సైజు, నేను దూరంకెల్లే చూసిన."

సైన్స్ టీచరును, కాదనడానికి నాకు కారణమేముంది? ఆ పిల్ల చెప్పింది నిజం. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాను. ఆ పిల్ల నేల మీద కూర్చుని, నా బొటనవేలు అరచేతిలోకి మడిచి, కణుపులు మెల్లగా నొక్కుతూ ఒక్కొక్కటే ఎక్కించింది. నాలుగేళ్లలో నా చెయ్యి ఎవరూ అలా పట్టుకోలేదని అప్పుడు తెలిసింది. తరవాత చెయ్యెత్తి అరగంట కూర్చున్నాను. కిటికీ అవతల రిక్షా బెల్లులు ఎక్కడో దూరంగా వినపడుతున్నాయి. కళ్లు మూతలు పడుతున్నాయి. పైకి పోతున్న ఆ రేకు మీద నేనే ఉన్నట్టు, కింద చార్మినార్ చిన్నదైపోయి, తరవాత ఊరే కనపడనట్టు అనిపించింది. చెయ్యి లాగుతున్నా దించబుద్ధి కాలేదు.

బొమ్మ అయిపోయింది. గాజులు తియ్యమన్నాను. ఆ పిల్ల బిక్కమొహం వేసింది.

"తీసుడు రాదు టీచర్. ఏస్కునేటోళ్లే వస్తరు మా దుకాన్‌కు, తీపిచ్చుకునేటోళ్లు రారు."

సబ్బు పెట్టి చూశాను, రాలేదు. చెయ్యి వాచింది. ఇంటిదాకా కొంగు కప్పుకునే నడిచాను. అమ్మ వాకిట్లో బియ్యం ఏరుతోంది. దాచి లాభం లేదని ఎదురుగా కూర్చుని చెయ్యి చాపి, జరిగిందంతా గడగడా చెప్పేశాను. రేపు మంది ముందు నిలబడాలనీ, ఇవి చూస్తే హెడ్‌మిస్ట్రెస్ మళ్లీ వెనక గదిలోకి పంపిస్తుందనీ, కానీ వీటిని పగలగొట్టుకోవడానికి నాకు చేతులు రావడం లేదనీ చెప్పాను. "నువ్వే పగలగొట్టు," అన్నాను.

అమ్మ చేట పక్కన పెట్టింది. నా చెయ్యి ఒళ్లో పెట్టుకుని గాజులను ఒక్కొక్కటే వేలితో జరుపుతూ కూర్చుంది. రోలు దగ్గర పొత్రం ఉంది. దాని వైపు చూసింది. నేను కళ్లు మూసుకున్నాను.

"నాతోని గాదు బిడ్డా," అంది. "పదోనాడు ముండమోసినోళ్లే పగలగొట్టాలని నన్నే ముంగటికి తోసిన్రు. నీ చేతులు రెండు పట్టుకొని పగలగొట్టింది నేనే. మళ్ల నాతోని గాదు."

కళ్లు తెరిచాను. అమ్మ ఏడవడం లేదు. కొంగుతో నా చేతి మీది సబ్బు తుడుస్తోంది.

"రేపు ఎవరన్న అడిగితె, మా అమ్మ ఏసిందని చెప్పు."

మర్నాడు అడిగినవాళ్లందరికీ అదే చెప్పాను.