మలేషియా హోటల్లో తమ్ముడు

మొన్న శనివారం సన్నీవేల్‌లో కొత్తగా తెరిచిన మలేషియా హోటల్‌కి మా అమ్మాయి నన్ను తీసుకెళ్ళింది. పొరలుపొరలుగా విడిపోతున్న రొట్టె, పక్కన చిన్న గిన్నెలో పల్చటి పప్పుకూర తెచ్చి ముందు పెట్టగానే నేను ప్లేటు కాస్త పక్కకి జరిపాను. తినవేమమ్మా అంటే వేడిగా ఉందన్నాను. ఎనభైల మొదట్లో అమెరికాలో సంసారం పెట్టినవాళ్ళకైతే అసలు సంగతి చెప్పుకోవచ్చు గాని, ఆ పిల్లకేం చెప్పను?

అప్పట్లో మేము న్యూయార్కులో, క్వీన్స్‌లో ఒక ఇరుకు అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు, మావారి ఉద్యోగం ఈ నెల ఉన్నది వచ్చే నెల ఉంటుందన్న నమ్మకం లేదు, చలికాలమంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ గడిపేవాళ్ళం. ఆదివారం మాత్రం సబ్‌వే ఎక్కి చైనాటౌన్‌లో ఒక మలేషియా హోటల్‌కి వెళ్ళేవాళ్ళం. చౌక కాబట్టి అక్కడ ఎప్పుడూ జనమే. టాక్సీ డ్రైవర్లు, నర్సులు, మాబోటివాళ్ళు కోట్లు విప్పకుండానే గోడవారగా నిలబడి కుర్చీ కోసం కాచుకునేవాళ్ళు. గుమ్మం పక్కనే పెనం దగ్గర పిండిని గాలిలో విసిరి పల్చగా సాగదీసే సన్నటి మనిషి ఒకడు, మొదటిరోజే మా మాటలు చెవినపడి, "ఏటండీ, తెలుగోళ్ళా?" అన్నాడు.

వాళ్ళ తాత సికాకోలు వైపు నుంచి మలేషియా రబ్బరు తోటల్లో పనికి వెళ్ళాడట. తరాలు మారినా యాస మాత్రం పోలేదు. ఆ పూట నుంచీ మావారు అతనికి అన్నయ్యగారు, నేను వదినగారు, అతను మా ఇద్దరికీ తమ్ముడు. మీకు మరిదినవుతాను గాని తమ్ముణ్ణెలా అవుతానని నన్ను ఆటపట్టించేవాడు. మలేషియాలో వదిలి వచ్చిన అతని కూతురికి పోలియో వచ్చి ఒక కాలు చచ్చుబడింది. ఆపరేషన్ చేయిస్తే నడుస్తుందని డాక్టర్లు చెప్పారట. ఆ డబ్బు కోసమే వీసా గడువు దాటిపోయినా, ఇంకో ఏడాది ఎలాగో నెట్టుకొస్తే చాలునని ఆ పెనం ముందు నిలబడ్డాడు. జనం పల్చబడ్డాక మా బల్ల దగ్గరికొచ్చి పాప అలా చేసింది, పాప ఇలా అందట అని చెబుతుంటే, మాకింకా పిల్లలు లేని రోజులు, ఆశగా వినేవాళ్ళం.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇమ్మిగ్రేషన్‌వాళ్ళు ముందు తలుపు నుంచీ వెనక తలుపు నుంచీ ఒక్కసారే లోపలికి వచ్చారు. వంటింట్లో గిన్నెలు పడ్డాయి, ఎవరో ఆడమనిషి ఏడ్చింది, తింటున్నవాళ్ళంతా తలలు వంచుకున్నారు. తమ్ముడు ఏప్రన్ విప్పి బల్ల కిందికి తోసేసి, వచ్చి మా పక్క కుర్చీలో కూర్చుని, మావారి ప్లేటులోంచి రొట్టె ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఎంగిలంటే ఆమడ దూరం పారిపోయే మనిషి మావారు. ఆ ప్లేటే అతని వైపు జరిపారు. ఆ ముక్క నమలకుండా బుగ్గనే పెట్టుకుని కూర్చున్నాడతను.

పోలీసును చూస్తే రోడ్డు దాటి అవతలి పక్కన నడిచే పిరికితనం మావారిది. అలాంటి ఆయన, ఆఫీసరు వచ్చి ఇతనెవరని అడగ్గానే, మా తమ్ముడు అని చెప్పారు. ఆఫీసరు తమ్ముడికి మాట్లాడవద్దని సైగ చేసి, మీ తమ్ముడి పేరేమిటని మావారినే అడిగాడు.

మాకు తెలియదు. మన ఇళ్ళల్లో వరస కలిశాక మనిషిని పేరుతో పిలవడం ఎక్కడుంది? తాత ఏ వైపువాడో అడిగాం, భార్య కోపిష్ఠిదని తెలుసు, పేరు మాత్రం అడగాలనే తోచలేదు. మావారు నా వైపు చూశారు, నేను తమ్ముడి వైపు చూశాను. అది చాలు వాళ్ళకి. చేతులు వెనక్కి విరిచి తీసుకెళుతుంటే అతను మావైపు తిరిగి, "పర్నేదన్నయ్యగారూ, వదినగార్ని తినమనండి" అన్నాడు.

ఆ వారంలోనే మావారు గ్రీన్‌కార్డు సంగతి ఏమైనా కానిమ్మని సెలవు పెట్టి నన్ను వెంటబెట్టుకుని ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకు వెళ్ళారు. హోటల్‌కి అప్పటికే తాళం పడింది, చుట్టుపక్కల ఎవరికీ అతను రొట్టెలు వేసే ఇండియన్‌గా తప్ప తెలియదు. కౌంటర్ కిటికీ వెనక కూర్చున్నావిడకు మావారు మలేషియా అని చెప్పారు, సన్నగా ఉంటాడన్నారు, కూతురికి కాలు బాగాలేదన్నారు. ఆవిడ పాపం విసుక్కోకుండానే, పేరు లేకుండా నేనెలా వెతకను అంది. మావారు మళ్ళీ చైనాటౌన్ గడప తొక్కలేదు, పోయేదాకా ఆ మాట ఎత్తనూ లేదు.

ఇప్పుడు మనుషులు తప్పిపోవడమన్నదే లేదు. ఎప్పుడో నాతో హైస్కూల్లో చదివినావిడ కూడా నన్ను వెతికి పట్టుకుని రోజూ పువ్వుల బొమ్మలు పంపిస్తోంది. నేనూ మధ్యాహ్నాలు ఫోన్ పట్టుకుని కూర్చుంటాను. తమ్ముడు ఎప్పుడూ పాప, పాప అనే ఆ పిల్లకిప్పుడు నలభై దాటి ఉంటాయి. నడిచిందో లేదో ఒక్కటి తెలిస్తే చాలు నాకు. ముందు పేరు టైప్ చెయ్యమంటుంది ఫోను.