నేను కూల్చిన గంటగోపురం

యుద్ధకాలంలో మా ఊరి రాతి చర్చిని జపాను విమానాలు కూల్చాయని ఎవరైనా చెబితే నమ్మకండి. కూల్చింది నేను. బాంబు కూడా వాడలేదు. నాలుగు బిందెల నీళ్లు సరిపోయాయి.

మాది మంగళగిరికి ఆవల, చిన్న కొండ పక్కన ఊరు. కొండ మీద తాతల నాటి చర్చి. దాని గంటగోపురం గోడ నెర్రెలిచ్చింది, క్రిస్మస్ లోపల బాగుచేయాలి. ఆ పని నాకు అప్పగించారు. ఎందుకంటే బెజవాడలో ఒక ఓవర్సీయరు గారికి నేను కొన్నాళ్లు గొడుగు పట్టాను. ఆ గొడుగు నీడలో ఇంజనీరింగంతా నాకు వంటబట్టిందని ఊరూ నమ్మింది, నేనూ నమ్మాను.

చర్చి గంట కొట్టేది మా అమ్మ తమ్ముడు, దానియేలు మామయ్య. "రాయి ఎక్కణ్ణుంచి తెస్తావురా? తాతలైతే కొండపల్లి వైపు నుంచి పడవల మీద తెచ్చారంట" అన్నాడు.

"పడవలు సరే, రేవు నుంచి బళ్లేవి? అన్నీ వరికుప్పల దగ్గరున్నాయి. కాళ్ల కింద కొండ పెట్టుకుని ఏరు దాటడం ఎందుకు మామయ్యా?"

"కాళ్ల కిందంటే చర్చి కిందేగా?"

"చర్చి పైనుంటుంది. మనం కింద కొడతాం."

మామయ్య తల గోక్కున్నాడు. "చదువుకున్నోడివి, నీకు తెలవదా" అని ఊరుకున్నాడు. ఆ నమ్మకమే ఆయన కొంప ముంచింది.

రాళ్లు కొట్టే ఎల్లయ్యకు గోపురం దిగువనున్న బండ చూపించాను. యుద్ధం వల్ల మందుగుండు దొరకదు. బండలో వరసగా గుంటలు తొలిచి, ఎండుకర్ర మేకులు దిగగొట్టి నీళ్లు పోస్తే, కర్ర ఉబ్బి బండ చీలుతుంది.

"ఇక్కడేనా బాబుగారూ? పైన గోడుందండి."

"గోడ కోసమేగా కొట్టేది."

"అదీ నిజమేలెండి" అని ఎల్లయ్య సుత్తి అందుకున్నాడు. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాడికి గొడ్డలి మోసే శ్రమైనా ఉంటుంది. నేను ఊరికే చెయ్యి చూపించానంతే.

శనివారం సాయంత్రం మేకులు తడుస్తున్నాయి.

"రేపటిగ్గానీ చీలదండి" అన్నాడు ఎల్లయ్య.

"ఇంకా నీళ్లు పొయ్యి" అన్నాను.

మామయ్య గంట కొట్టడానికి పైకి వెళ్తూ మమ్మల్ని చూసి చెయ్యూపాడు. నేనూ ఊపాను. ఆపాలని తోచలేదు చూశారా, అదీ నా తెలివి.

ఠప్పున బండ చీలింది. నేను చప్పట్లు కొట్టబోయాను. చీలిక మేం గీసిన గీత దగ్గర ఆగకుండా పైకి పాకింది. గోపురం మా వైపు కాస్త వంగి చూసి, మేం పక్కకు దూకాక కూలింది. గంట దొర్లుకుంటూ పోయి వరికుప్పలో పడింది. జపానువాడొచ్చాడని ఊరంతా పొలాల్లోకి పరుగెత్తింది. వాళ్లను వెనక్కి పిలుద్దామంటే గంటా లేదు, కొట్టే మనిషీ లేడు.

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మేం కొండను తవ్వి మామయ్యను పట్టాం. ప్రాణం ఉంది, కాలు మాత్రం నుజ్జయింది. రాళ్లు తీస్తుంటే ఆయన అన్న మొదటి మాట, "పిల్లోణ్ణి ఏమీ అనమాకండి." తిట్టినా బాగుండేది.

ఆసుపత్రిలో కాలు తీసేశారు. పుండు మానలేదు. పండగ వెళ్లాక ఆయనా వెళ్లిపోయాడు. చర్చికి మాత్రం రాయి కొదవ తీరింది. కూలిందంతా చక్కగా చెక్కిన రాయే.

అందులోంచి ఒక మంచి పలక ఏరాను. ఏడుస్తూనే దాని మీద మామయ్య పేరు చెక్కించి, ఇప్పుడు ఖాళీగా ఉన్న బండి ఒకటి కట్టించి, అత్తయ్య గుమ్మం ముందు ఆపాను.

"సమాధి మీదకి, అత్తయ్యా" అన్నాను.

అత్తయ్య పలకను చూసింది. నన్ను చూసింది.

"వద్దు నాయనా. ఆయన మీద నువ్వేసిన రాళ్లు చాలు."

అక్కడే, ఎడ్ల సాక్షిగా ప్రమాణం చేశాను. పరలోకంలో పెద్ద కుర్చీ వేస్తానన్నా సరే, ఈ జన్మలో రాయి మీద రాయి పెట్టను, రాయి కింద రాయి తీయను. మా ఇంట్లో రోలు జరపాలంటే ఈనాటికీ పక్కింటివాళ్లే రావాలి. నేను వీధిలోకి వెళ్లి, వాళ్లు జరిపేదాకా అక్కడే నిలబడతాను.