చెన్నబసప్ప తన చేతులతో చెరిపిన నకలు

జహీరాబాద్ దగ్గరి ఒక చెరుకు ఫ్యాక్టరీ ఆఫీసుకు ఎనభై ఎనిమిదిలో కంప్యూటర్ వచ్చింది. దాని ముందు కూర్చునే భాగ్యం టైపిస్టు చెన్నబసప్పకు దక్కింది. హైదరాబాద్‌లో పదిహేను రోజులు ట్రైనింగై వచ్చాక మనిషి నడకే మారిపోయింది. న్యాల్‌కల్ నుంచి చిరాగ్‌పల్లి దాకా తనంత తెలివైనవాడు లేడని అప్పట్లో నిజంగానే నమ్మాడు. తర్వాత తర్వాత అది తలుచుకుని తనే నవ్వుకునేవాడు.

ఏ రైతు ఏ రోజు చెరుకు కొట్టాలో చిట్టీలు అచ్చువేయడం ఆయన పని. ఊళ్ల పేర్లు, కాగితం పొడుగు, తెర రంగులు అన్నీ సెట్టింగుల ఫైలు అనే ఒక చిన్న ఫైల్లో ఉండేవి. రోజూ సాయంత్రం దాన్ని ఫ్లాపీ మీదికి కాపీ చేయమని ట్రైనింగులో చెప్పారు. చెన్నబసప్ప ఒక్కరోజు తప్పితే ఒట్టు.

ఊరికే వదిలేస్తే ఆ ఫైలుకు ఏమీ అయ్యేది కాదు. కానీ తెర మీద అక్షరాలు పచ్చగా బాగుంటాయా, పసుపుగా బాగుంటాయా అని మార్చి చూసుకోవడం ఆయనకు సరదా. జనవరిలో ఒక మధ్యాహ్నం అట్లాగే రంగు మార్చి సేవ్ నొక్కాడు. అప్పుడే కరెంటు పోయింది. తిరిగి వచ్చేసరికి సాయంత్రమైంది. అలవాటు ప్రకారం ఫైలును ఫ్లాపీ మీదికి ఎక్కించి ఇంటికి పోయాడు.

మర్నాడు చిట్టీల మీద ఊళ్ల పేర్లకు బదులు పిచ్చిగీతలు వచ్చాయి. రాస్తుండగా కరెంటు పోయి ఫైలు సగంలో ఆగిందని అర్థమైంది. ధీమాగా ఫ్లాపీ తీశాడు. అందులోనూ అదే సగం ఫైలు! మంచి నకలు మీద చెడిపోయినదాన్ని ఎక్కించింది తనే.

చిట్టీ కోసం వచ్చిన చెరుకు రైతు నారమ్మ కిటికీలోంచి తొంగిచూసింది.

"సారూ, మిషిన్‌కు జరమొచ్చిందంట గదా. దవాఖానకు తీస్కపోతరా?"

ఎగతాళో నిజంగా అడిగిందో తెలియక చెన్నబసప్ప తల ఊపాడు. మేనేజర్ మదన్‌మోహన్‌కు మాత్రం తప్పంతా కరెంటుదేనని చెప్పాడు.

మూడు రోజులు చిట్టీలన్నీ పాత గుమాస్తా తారాబాయి చేత్తో రాసింది. చెన్నబసప్ప ఆమెకు కాగితాలు కత్తిరించి ఇస్తూ, జరిగింది జరిగినట్టు చెప్పాడు. మూడో రోజు ఆమె కలం పక్కన పెట్టింది.

"తమ్మీ, బోర్డు మీద డ్యూటీ లిస్టు నేనెట్ల మారుస్తనో ఎన్నడన్న చూసినవా? కొత్తది పూరాగ రాసి, ఒక్కసారి చదువుకొని, గప్పుడు పాతది తీస్త. నువ్వు పాతదాని మీదనే గీక్కుంట కూసుంటే ఎట్ల?"

కంప్యూటర్ సంగతి వేరని చెప్పబోయాడు. అంతలోనే ఆగి, బోర్డు దగ్గరికి పోయి ఆ లిస్టు చూశాడు.

పాత రిజిస్టర్లు చూసి ఫైలంతా మళ్లీ కట్టాడు. ఈసారి చిన్న ప్రోగ్రాము కూడా రాశాడు. కొత్త సెట్టింగులు ముందు వేరే పేరుతో రాయాలి. చివరి వరుస దాకా ఉందో లేదో చూసుకున్నాకే పాతదాని స్థానంలో పెట్టాలి. ఫ్లాపీ మీది నకలుకూ అదే పద్ధతి.

వారానికే సేవ్ మధ్యలో మళ్లీ కరెంటు పోయింది. సగం ఫైలు పక్కన పడి ఉంది, పాతది చెక్కుచెదరలేదు. చిట్టీలు సరిగ్గా వచ్చాయి. మదన్‌మోహన్ అందరి ముందు మెచ్చుకుంటే, చెన్నబసప్ప ఆ పొగడ్తంతా తలవంచుకుని తీసుకున్నాడు. తారాబాయి పేరు ఎత్తలేదు.

మరుసటి ఏడు ఆమె రిటైరైన రోజున దండ వేస్తూ, ఆనాటి పొగడ్త ఆమెకు దక్కాల్సిందని ఒప్పుకున్నాడు.

"నాకు ఎరికే తమ్మీ," అంది తారాబాయి. "నీ మొకంల సంబరం చూసి ఊకున్న."